చలిగదిలోకి నీళ్ళ డబ్బా తేవద్దు

కువైట్‌కు తోటపనికి వచ్చే మన పిల్లలకు ఎండంటేనే భయం. విమానం దిగిన రోజు నుంచీ ఎండదెబ్బ, ఇసుక గాలి, పగిలిన పెదవులు, ఇవే కబుర్లు. చలి గురించి ఎవరూ చెప్పరు, చెప్పినా నమ్మరు. ఎడారిలో చలేమిటని నవ్వుతారు. నేనూ అలాగే నవ్వి, ఒక్క బనియన్‌తో పడుకుని, పొద్దున పళ్ళు టకటకలాడుతుంటే లేచినవాణ్ణే. మనమైతే దుప్పటి వెతుక్కుంటాం. కుండీలో ఉన్న పూలమొక్క ఏం వెతుక్కుంటుంది? దాని దుప్పటి మనమే. ఎండాకాలం నీళ్ళు పోసి జీతం తీసుకున్నానని మా ఊళ్ళో అనుకుంటారు. నిజానికి ఈ దేశంలో నేను కష్టపడి నేర్చుకున్న పని చలికాలం నీళ్ళు పోయకుండా ఉండడం.

నా పేరు రెడ్డయ్య. రాయచోటి దగ్గర పల్లె మాది. సులైబియాలో ఒక మష్తల్‌లో, అంటే మొక్కల నర్సరీలో, వచ్చిన రోజు నుంచి మొన్న ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, ముగిసేదాకా పనిచేశాను. మష్తల్ తరఫున కొన్ని పెద్ద ఇళ్ళ తోటలు కూడా చూసేవాణ్ణి. ఇప్పుడు ఊరికి టికెట్టు తీసుకుని, అబూ హలీఫాలో మా బామ్మర్ది గదిలో కూర్చుని ఉన్నాను. వాడు డ్యూటీకి పోతే పగలంతా గోడలు చూడాలి. అందుకే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, కాగితాల కోసం ఎన్ని ఆఫీసులు తిరిగాను, ఇవన్నీ రాయను. అవి మీకూ జరుగుతాయి, మీరే పడి లేస్తారు. చెబితే తప్ప తెలియనివి కొన్ని ఉన్నాయి. అవే రాస్తాను.

నిద్రపోయేవి, వణికేవి

చలికి లోపల పెట్టాల్సిన పూలమొక్కలు రెండు జాతులు. పుస్తకాల్లో ఇలా ఉండదు, ఇది నేను పెట్టుకున్న లెక్క. ఒక జాతి నిద్రపోతుంది. ఇంకో జాతి వణుకుతుంది.

కనకాంబరం, కుండీలో పెంచే మందారం, ఇలాంటివి వణికే జాతి. వాటికి నిద్ర రాదు. చలికాలమంతా మేలుకునే ఉంటాయి, కాని నోరు కట్టుకుని ఉంటాయి. వెలుతురు తగిలే కిటికీ దగ్గర పెట్టాలి. తలుపు తీసినప్పుడల్లా గాలి కొట్టే చోట పెట్టకూడదు, హీటరు పక్కన అసలే పెట్టకూడదు. మట్టి పైపైన ఆరాక కాసిన్ని నీళ్ళు, అదీ ఎండ ఉన్న పూట. జ్వరం వచ్చినవాడికి గంజి పోసినట్టు పోయాలి.

దేవగన్నేరు, అడీనియం నిద్రపోయే జాతి. ఇక్కడివాళ్ళు దేవగన్నేరును యాస్మీన్ హిందీ, అంటే హిందూదేశపు మల్లె, అంటారు. పేరు మనది, ముద్దు వాళ్ళది. ఈ చెట్టు నవంబరులో ఆకులు పసుపు చేసుకుంటుంది. అది మనతో చెప్పే మాట: ఇక నాకు చాలు. ఆ మాట విన్నరోజు నుంచి నీళ్ళు ఆపేయాలి. ఆకులన్నీ రాలి ఉత్త మోళ్ళు మిగిలాక, చలి సోకని పొడి గదిలో పెట్టి తలుపేయాలి. మార్చిలో కొనల దగ్గర పచ్చటి ముక్కు పొడుచుకొచ్చేదాకా ఒక్క చుక్క కూడా వద్దు. మధ్యలో అనుమానం వస్తే కొమ్మను రెండు వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికుంది. కాస్త ముడతలు పడినా ఫరవాలేదు. మాగిన అరటిపండులా వేలు దిగితే మాత్రం కుళ్ళు పట్టింది.

చలి ఒక్కటే అయితే ఇంత తంటా లేదు. ఇక్కడి పెద్దమనుషులకు చలికాలమంటే పండగ. ఎడారిలో గుడారాలు వేసుకుని వారాంతాలు అక్కడే గడుపుతారు. ఒకాయన గుడారం ముందు అందంగా ఉంటుందని ఇంట్లో వెచ్చగా ఉన్న మందారపు కుండీలన్నీ లారీకెక్కించి తీసుకుపోయాడు. అవి తిరిగొచ్చినప్పుడు ఆకులు ఉడికిన పాలకూరలా వేలాడుతున్నాయి. వాటిని బతికించమని మా దగ్గరికి పంపాడు. అవి బతకలేదు. చలి కాల్చిన ఆకుకు మందు లేదని మీరు మొహమాటపడకుండా చెప్పడం నేర్చుకోండి. లేకపోతే చచ్చిన మొక్కకు మీరే జవాబుదారీ అవుతారు.

అబూ సమీర్

మా మష్తల్‌కు పెద్ద అబూ సమీర్. ఈజిప్టువాడు, నైలు నది పక్క పల్లెలో పుట్టినవాడు. గొంతు పెద్దది, చెయ్యి చిన్నది. పండక్కి ఒక ఖర్జూరపు పెట్టె పదిమందికి పంచేవాడు. రెడ్డయ్య అనే పేరు తన నోటికి పట్టక, వాళ్ళలో ఉన్న రెదా అనే పేరుతో పిలిచేవాడు. ఆ పేరే అన్ని ఇళ్ళలోనూ నాకు స్థిరపడింది.

మొండివాడు కూడా. ఒక ఏడాది మందారాల మీద ప్లాస్టిక్ పట్టా నేరుగా కప్పించాడు. కర్రలు పాతి పైకెత్తి కడదామంటే వినలేదు. పట్టా ఆనిన ఆకులన్నీ మాడిపోయాయి. తప్పు తనదని ఒప్పుకున్నాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పట్టా నాసిరకమని తేల్చాడు. మరుసటి ఏడాది మాత్రం ఎవరూ చెప్పకుండానే కర్రలు తెప్పించాడు. అలాంటి పెద్దల దగ్గర పనిచేస్తే నోటితో చెప్పేది సగం వినండి, మరుసటి ఏడాది ఏం చేస్తాడో పూర్తిగా చూడండి.

అతను పెట్టిన ఒక ఆచారం వల్లే నాకు ఈ పని వచ్చింది. నిద్రపోయే మొక్కలు పెట్టే రేకుల షెడ్డును మేం చలిగది అనేవాళ్ళం. ఆ గది గుమ్మం పక్కన గోడకు ఒక కొక్కెం ఉండేది. లోపలికి పోయేవాడు ఎవడైనా చేతిలో నీళ్ళ డబ్బా ఉంటే దానికి తగిలించి పోవాలి. మరిచిపోయి డబ్బాతో అడుగు పెట్టామో, అబూ సమీర్ ఎక్కడి నుంచో ఊడిపడేవాడు. “దాహమా? అయితే నువ్వే తాగు” అని, మొక్కలకు తెచ్చిన నీళ్ళు అక్కడే మా చేత తాగించేవాడు. ఎరువు కలిపిన నీళ్ళయితే మాత్రం వదిలేసేవాడు, అంత దయ ఉంది.

సీమవాళ్ళ జబ్బు

ఆ కొక్కెం అక్కడ ఎందుకు పెట్టాడో తర్వాత తెలిసింది. మష్తల్‌లో సగం మంది కడప, అన్నమయ్య జిల్లాలవాళ్ళం. మాకొక జబ్బు ఉంది. ఎండిన మట్టిని చూసి ఊరుకోలేం. బోరు వేస్తే దుమ్ము లేచే ఊళ్ళలో పుట్టాం. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా తెచ్చి కరివేపాకు చెట్టుకు పోసేది. పోసి, అది తాగుతుంటే చూస్తూ కాసేపు నిలబడేది. అలాంటి ఇళ్ళలోంచి వచ్చినవాడి చేతికి పైపు దొరికి, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి దొరికితే ఆగుతాడా? దేశం కాని దేశంలో ఎండు మోడును చూస్తే, పాపం దీనికెవరూ లేరే అనిపిస్తుంది. ఎవరూ చూడకుండా ఒక మగ్గు పోస్తాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఆ మొక్క వేరు నుంచి కుళ్ళిపోతుంది.

కోనసీమ నుంచి వచ్చినవాళ్ళకు ఈ జబ్బు లేదు. వాళ్ళు నీళ్ళను చూసి విసుగెత్తినవాళ్ళు. కనక నిద్రపోయే మొక్కల పని వాళ్ళకు ఇట్టే వస్తుంది. మన పిల్లలు ఈ పనికి వస్తే ముందు చేతులు వెనక్కి కట్టుకోవడం నేర్చుకోవాలి. ప్రేమ ఎక్కువైతే ఏమవుతుందో నేను ఎక్కువగా చూసింది చలిగదిలోనే.

జాబ్రియా ఇల్లు

నేను ఎక్కువ ఏళ్ళు చూసిన తోట జాబ్రియాలో ఒక మామాది. మామా అంటే ఇంటి యజమానురాలు, మన ఆడవాళ్ళు అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. భర్త పోయిన ముసలావిడ. పెద్ద ఇల్లు, ఒక్కతే. కొడుకు ఫైసల్ వేరే చోట ఉంటాడు, శుక్రవారం శుక్రవారం పిల్లలతో వస్తాడు. ఇంట్లో ఆమెను కనిపెట్టుకుని ఉన్నది మార్తమ్మ. కోనసీమ మనిషి, ఆదివారం చర్చికి పోవడం తప్ప వేరే సెలవడగని మనిషి. మామాకు తల దువ్వేది, కాళ్ళు ఒత్తేది, రాత్రి ఆమె మంచం పక్కనే కింద పరుపేసుకుని పడుకునేది.

ఆ ఇంట్లో నీలం రంగు కుండీల్లో ఐదు దేవగన్నేరు చెట్లుండేవి. ఎండాకాలం సాయంత్రం ఆ పూల వాసన వీధి మలుపు దాకా వచ్చేది. నీళ్ళు పోయడం మామాయే చేసేది, నా చేత చేయించేది కాదు. ఇంటికొచ్చిన వాళ్ళకు ముందు నీళ్ళు, తర్వాత చాయ్, ఆ తర్వాతే మాట. నాక్కూడా అంతే. ఈ ఇంట్లో దాహంతో ఎవరూ పడుకోలేదని గర్వంగా చెప్పుకునేది. నవంబరు వచ్చిందంటే మాత్రం మా ఇద్దరికీ పోట్లాట. చెట్లకు నీళ్ళు ఆపాలంటే ఆమెకు ప్రాణం ఒప్పదు. “నిద్రపోతున్నాయి మామా, లేపొద్దు” అని ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. గొణుక్కుంటూనే వినేది. గ్యారేజీ పక్క గదిలో కుండీలు పెట్టి, మార్చి దాకా తలుపు వేసేవాళ్ళం.

ఒక చలికాలం, డిసెంబరులో, ఆ గది తలుపు తీయగానే పులిసిన వాసన వచ్చింది. రెండు చెట్లు మొదలు దగ్గర నల్లబడి ఉన్నాయి. నొక్కితే వేలు దిగింది. కుండీలో మట్టి బురదగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎవరు పోశారు

మార్తమ్మను పిలిచి అడిగాను. “ఎవురు పోసినారు మ్మా నీళ్ళు? చెప్పకపోతే ఎట్ల? బంగారం లాంటి చెట్లు కుళ్ళిపోయినాయి గదా.” ఆమె తలుపు దగ్గరికేసి, కూర్చుని, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

పోసింది మామా. పోసిన సంగతి మరిచిపోయి మళ్ళీ పోసేది. డబ్బా దాచేస్తే, చాయ్ తాగే ఇస్తికానా గ్లాసుతో నీళ్ళు పట్టుకుపోయేది. కొన్నాళ్ళుగా ఆమెకు మాటలు జారిపోతున్నాయట. భోజనం చేసి, చేయలేదనేది. నమాజు చేసిందో లేదో మార్తమ్మను అడిగేది. మార్తమ్మ అన్నీ కప్పిపుచ్చుతూ వచ్చింది. కొడుకు వచ్చే శుక్రవారం పొద్దున, ఎవరెవరు వస్తున్నారో, మనవళ్ళ పేర్లేమిటో పాఠంలాగ మామాకు ఒప్పగించేది.

“అన్నయ్యా, ఫైసల్‌బాబుకి చెప్పకండి,” అంది. “తెలిసిందంటే ఈ ఇంటికి తాళమేసేసి, ఆవిణ్ణి ఆళ్ళింటికి తీసుకెళ్ళిపోతారు. ఇక్కడైతే ఆవిడకి గోడ తెలుసండి, గుమ్మం తెలుసు. చీకట్లో కూడా తడుముకుని ఎల్లిపోద్ది. అక్కడేం తెలుసు? నన్నెలాగూ పంపించేత్తారు. నా పని పోయినా పర్లేదండి, నన్ను ఒక్క పూట చూడకపోతే ఆవిడ అన్నం ముట్టదు.”

గది బయట మామా అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తీసి చూస్తే చేతిలో గ్లాసుతో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వి, రెదా, చాయ్ తాగావా అని అడిగింది. ఆ నవ్వు చూశాక నాలో కోపమంతా ఎటో పోయింది. ఎండిన మట్టిని చూసి ఊరుకోలేని జబ్బు ఆమెకూ ఉంది. ఆ జబ్బు ఉన్నవాణ్ణి, ఆమెను నేనేమని తిడతాను?

“ఏడవద్దులే,” అన్నాను మార్తమ్మతో. “నీళ్ళు నేనే పోసినానని చెప్తా. సీమోడు నీళ్ళు పోసినాడంటే ఎవురైనా నమ్ముతారు.”

ఫైసల్ నమ్మాడు. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషివి, నీకు ఇంతమాత్రం తెలియదా అని తోటలో నిలబెట్టి తిట్టాడు. మష్తల్‌కు ఫోన్ చేసి వేరే మనిషిని పంపమన్నాడు. అబూ సమీర్ మాత్రం నమ్మలేదు. నన్ను కొక్కెం దగ్గరికి పిలిచి, “నువ్వా పోసింది?” అని ఒకే మాట అడిగాడు. నేను నేల చూశాను. ఇంకేమీ అడగలేదు. ఫైసల్‌కు ఏం సర్దిచెప్పాడో తెలియదు, ఆ ఇల్లు నా చేతి నుంచి పోలేదు. ఆ మనిషి గొంతు గురించి, చెయ్యి గురించి పైన నేను రాసినవన్నీ నిజమే. ఇదీ నిజమే.

కంకరలో మోళ్ళు

బాగున్న మూడు చెట్లను వేరే కుండీల్లోకి మార్చి, వెంటనే సులైబియాకు తరలించి మా చలిగదిలో పెట్టాను. కుళ్ళిన రెండింటిని మొదలు నుంచి నరుకుతూ పోయాను. లోపల గోధుమరంగు మచ్చ ఉన్నంతదాకా కోయాలి. తెల్లగా, పాలు కారే చోటు వచ్చాక ఆపాలి. అలా కోయగా కొన్ని కొమ్మలు మిగిలాయి. వాటిని నీడలో ఆరబెట్టాను.

ఇటు జాబ్రియాలో చెట్లు లేని సంగతి మామా కంటపడకుండా గదికి తాళం వేశాం. అది పనికిరాలేదు. మామా ఆ తలుపు ముందు నిలబడి అరచేత్తో కొట్టేదట. లోపల దాహంగా ఉన్నాయి, గొంతు ఆరిపోతోంది, తలుపు తీయండి అని ఏడ్చేదట. మార్తమ్మ ఫోన్లో ఆ మాట చెబుతుంటే వెనక నుంచి ఆ చప్పుడు నాకూ వినిపించింది. గదిలో చెట్లే లేవు. ఉత్త గది ముందు నిలబడి ఆవిడ ఏడుస్తోంది.

నా తెలివికి తోచింది ఒక్కటే. ఆమెకు నీళ్ళు పోయడం కావాలి, చెట్టుకు నీళ్ళు తగలకూడదు. అయితే నీళ్ళు నిలవని కుండీ పెడితే సరిపోతుంది కదా. ఆ నీలం కుండీలనే కడిగి, అడుగున బెజ్జాలు పెద్దవి చేసి, మట్టి బదులు సన్నకంకర, ముతక ఇసుక నింపాను. మన మేస్త్రీలు ఇక్కడ సల్బూఖ్ అంటారే, ఆ కంకర. ఆరబెట్టిన కొమ్మలను ఒక్కో కుండీలో ఒక్కోటి గుచ్చాను. అడుగున పళ్ళేలు పెట్టాను. చూసేవాళ్ళకు అవి నిద్రపోతున్న దేవగన్నేర్లే. గ్లాసు పోస్తే గ్లాసూ కిందికి జారిపోతుంది. మార్తమ్మ పళ్ళెం ఒంపేసేది.

తాళం తీశాం. మామా లోపలికి వచ్చి కుండీలన్నీ చూసింది. ఒక్కో మోడు దగ్గరా ఆగి, చంటిపిల్లకు తాగించినట్టు నెమ్మదిగా పోసింది. కంకరలో నీళ్ళు ఇంకుతున్న చప్పుడు విని, తాగుతున్నాయి చూశావా అంది నాతో. మా అమ్మ కరివేపాకు దగ్గర నిలబడినట్టే నిలబడింది. నేను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. నా వృత్తిలో నేను చేసిన ఒకే ఒక్క మోసం అది. దాని మీద నాకు ఈ రోజుకీ చింత లేదు.

ఒక శుక్రవారం

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నేను కంకర కడగడానికి పోయాను. ఫైసల్ అనుకున్న వేళకంటే ముందే వచ్చేశాడు. తల్లిని వెతుక్కుంటూ గదిలోకి వచ్చి, నీళ్ళు పోస్తున్న ఆమెను చూశాడు. నిద్రపోయే చెట్లకు నీళ్ళు పోయకూడదని డిసెంబరులో నన్ను తిట్టింది అతనే. నా వంక చూశాడు. వంగి ఒక కుండీలో వేలు పెట్టాడు. వేలికి గులకరాళ్ళు తగిలాయి.

“ఇవి ఉత్త కట్టెలు కదా,” అన్నాడు మెల్లగా, నాకు అర్థమయ్యే హిందీలో.

అవునన్నాను. అసలువి సులైబియాలో భద్రంగా ఉన్నాయన్నాను. మార్తమ్మ తలుపు దగ్గర కొయ్యబారిపోయింది. మామాకు ఇవేవీ పట్టలేదు. కొడుకు చేతికి గ్లాసు ఇచ్చి, ఆ చివరిది మిగిలింది, దానికి నువ్వు పొయ్యి అంది. అతను కాసేపు ఆ గ్లాసు పట్టుకునే ఉన్నాడు. తర్వాత వెళ్ళి చివరి మోడుకు నీళ్ళు పోశాడు. చుక్క మిగలకుండా పోశాడు.

బయట కారు దగ్గర మార్తమ్మ అన్నీ చెప్పేసింది. ఇల్లు మూసేయొద్దని చేతులు జోడించింది. పోయిన నెల అమ్మ తనను చనిపోయిన నాన్న పేరుతో పిలిచిందని, సరదాకి పిలిచిందని తనకు తానే చెప్పుకున్నానని అప్పుడు ఫైసల్ చెప్పాడు. దాస్తున్నది మేం ఇద్దరమే కాదు. ఆమె చుట్టూ ముగ్గురం, మాకు తెలియకుండా అతను, అతనికి తెలియకుండా మేం, ఒకే సంగతి దాచుకుంటూ తిరిగాం.

ఇల్లు ఇలాగే ఉంటుందని, మార్తా ఇక్కడే ఉంటుందని, రాత్రుళ్ళు తను వచ్చి పడుకుంటానని అన్నాడు. అన్నట్టే వచ్చాడు. డిసెంబరులో తిట్టినందుకు నాకు క్షమాపణ చెప్పబోతే, వద్దన్నాను. కుళ్ళిన చెట్టును చూసి తోటమాలిని తిట్టనివాడు చెట్లు పెంచడానికి పనికిరాడు.

ఇది చదివి, అంత పెద్ద సంగతి కొడుక్కి చెప్పకుండా ఎలా దాచారని మమ్మల్ని తప్పుపట్టేవాళ్ళు ఉంటారు. ఆవిడ ఏదో ఒక పూట వీధిలోకి నడిచిపోయి ఉంటే ఏమయ్యేదని అడుగుతారు. అడగడం న్యాయమే. మీకు ఇలాంటిది ఎదురైతే మీరు కొడుక్కి చెప్పండి. కాకపోతే చెప్పే ముందు ఆ ఇంట్లో ఎవరికి ఏది పోతుందో ఒక్కసారి ఆలోచించి చెప్పండి.

మార్చి

చలి పోయింది. సులైబియాలో మూడు చెట్లూ కొనల దగ్గర పచ్చటి ముక్కులు పెట్టాయి. మంచి ఎండ చూసుకుని వాటిని జాబ్రియాకు తీసుకుపోయాను. నీలం కుండీలు ఖాళీ చేసి వీటిని పెట్టాలి. కంకరలో గుచ్చిన మోళ్ళను ఒక్కొక్కటే లాగాను. మొదటిది ఊడి వచ్చింది, ఎండిపోయి తేలిగ్గా ఉంది. రెండోది, మూడోది, నాలుగోది కూడా అంతే. ఐదోది లాగితే రాలేదు. మళ్ళీ లాగబోయి చెయ్యి తీసేశాను. కంకర కొంచెం పక్కకు జరిపి చూస్తే తెల్లటి వేరు కనిపించింది. కొనలో వడ్లగింజంత పచ్చదనం.

ఆ కొమ్మ డిసెంబరులో నీళ్ళెక్కువై కుళ్ళిన చెట్టుదే. చలికాలమంతా రోజూ నీళ్ళు పడిన కొమ్మ బతకకూడదు. పిల్లలకు నేను చెప్పే పాఠం ప్రకారం అది చచ్చిపోవాలి. కంకరలో నీళ్ళు నిలవకపోవడం వల్ల, గది గోడకు మధ్యాహ్నపు ఎండ తగలడం వల్ల బతికిందని మీకు కారణం చెప్పగలను. ఆ పూట మాత్రం నాకు కారణమేదీ గుర్తుకు రాలేదు. మార్తమ్మను కేకేశాను.

మార్తమ్మ చెయ్యి పట్టుకుని మామా వచ్చింది. ఇంకో చేతిలో ఇస్తికానా గ్లాసు ఉంది. ఆ నెలలో ఆమెకు మరుపు బాగా ముదిరింది. నన్ను చూసింది గాని కళ్ళలో గుర్తు కనిపించలేదు. చాయ్ తాగావా అని అడగలేదు. కొత్త తోటమాలివా అంది. పేరేమిటి అంది.

“రెదా,” అన్నాను.

“మా దగ్గర ఒక రెదా ఉండేవాడు,” అంది మామా. పచ్చటి ముక్కు పెట్టిన మోడును వేలితో చూపించింది. “వాడు చెప్పేవాడు, చలికాలంలో దీనికి నీళ్ళు పోయకూడదని. నిద్రపోతుందట. లేపొద్దనేవాడు. నువ్వు కూడా గుర్తుపెట్టుకో.”

అలాగే మామా, గుర్తుపెట్టుకుంటానన్నాను.

ఆమె వంగి గ్లాసులో నీళ్ళు ఆ కొమ్మ మొదట్లో పోసింది. మార్చి నెల, కొన పచ్చబడిన చెట్టు, పోయాల్సిన సమయం అదే. నీళ్ళు పోయడానికి సరైన రోజును ఆమె ఎలా పట్టుకుందో నాకు తెలియదు. ఇప్పుడు లేచింది, ఇక ఇవ్వాలి అని, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, ఇంకొంచెం తెమ్మంది.

వెళ్ళి తెచ్చాను.